గోడ మీద అబద్ధ సాక్ష్యం



బస్టాండు మరుగుదొడ్లు, బస్సు సీట్ల వెనుక భాగాలు, కాలేజీ బల్లలు, పాత కోటల గోడలు: ఎక్కడ చూసినా పిచ్చివ్రాతలే. పురాతన కట్టడాలను కాపాడటానికి 1958లో చట్టం చేశారు. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడేలా 2010లో దానిని సవరించారు. మంచిదే. రాతిగోడకు ఇంత రక్షణ ఉంటే, ఆ గోడమీద వ్రాసిన ఆడపిల్ల పేరుకు రక్షణ ఏది?

కాలేజీ గోడమీద ఒక అమ్మాయి పేరు, పక్కన ఒక అబ్బాయి పేరు. వ్రాసినవాడికి అది అర నిమిషం పని. సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటుంది. తండ్రి తలెత్తుకోలేక బిడ్డ చదువు మాన్పిస్తాడు. ఏ తప్పూ చేయని పిల్లకు శిక్ష పడుతుంది. వ్రాసినవాడు మాత్రం ఎవరికీ తెలియదు.

అబద్ధ సాక్ష్యం పలుకరాదన్నది దేవుని ఎనిమిదవ ఆజ్ఞ. సంతకం లేనంత మాత్రాన గోడవ్రాత సాక్ష్యం కాకపోదు. అబద్ధమైతే అది అపనింద. నిజమే అయినా, తగిన కారణం లేకుండా ఒకరి తప్పును తెలియనివారికి చాటడం కూడా పాపమేనని శ్రీసభ బోధిస్తుంది. ఆధారం లేకుండా నమ్మినవారికీ ఆ పాపంలో పాలుంది. కాబట్టి చదివి, నవ్వి, నలుగురికి చెప్పిన మనం తప్పించుకోలేము.

సువార్తలలో ప్రభువు వ్రాసినట్లు కనిపించేది ఒక్క చోటనే, యోహాను 8వ అధ్యాయంలో. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని నలుగురి మధ్య నిలబెట్టినప్పుడు ఆయన వంగి, వ్రేలితో నేలమీద వ్రాశారు. ఏమి వ్రాశారో సువార్తికుడు చెప్పలేదు. ఆ స్త్రీ పేరు కూడా చెప్పలేదు. రెండువేల ఏళ్లుగా ఆమె కథ చదువుతున్నాం, ఆమె ఎవరో మనకు తెలియదు. ఆమె దోషాన్ని ఆయన కప్పిపుచ్చలేదు. ఇక పాపం చేయవద్దని ఆమెతోనే చెప్పారు.

యువకులారా, అలా వ్రాసి ఉంటే పాపసంకీర్తనంతో పని పూర్తి కాదు. పోగొట్టిన పరువును చేతనైనంత తిరిగి నిలబెట్టాలి. ముందు ఆ వ్రాతను చెరపండి. తల్లిదండ్రులారా, గోడను నమ్మే ముందు మీ బిడ్డను అడగండి. ఆమె చదువు ఆపకండి. పెద్దలారా, అటువంటి వ్రాత కంటబడితే ఎవరు వ్రాశారని ఆరా తీస్తూ నిలబడకండి. కాస్త సున్నం తెచ్చి పూయండి.

ప్రభువు మన చేతులను, నాలుకలను పవిత్రపరచునుగాక. ఆమెన్.