వదాన్యుడు



మితి లేక ఇచ్చువానిని సంస్కృతమున 'వదాన్యుడు' అందురు. అమరసింహుడు ఈ పదమునకు రెండర్థములు చెప్పెను: మిక్కిలిగా దానము చేయువాడు, ఇంపుగా పలుకువాడు. ఆళవందారులు స్తోత్రరత్నమున స్వామి గుణములను కీర్తించుచు ఈ పదమునే వాడిరి. దానము, పలుకు ఒక్క పదమున ఏల ఇమిడినవి?

భద్రాచల స్థలగాథను స్మరింపుడు. అడవిలో స్వామిని కనుగొన్న పోకల దమ్మక్క పందిరి వేసి, తాటిపండ్లు నివేదించెనట. పిమ్మట 17వ శతాబ్దిలో కంచెర్ల గోపన్న ఆలయము కట్టించి, అందుకై గోలకొండ చెరలో మ్రగ్గెను. వెలకట్టి చూచిన ఈ రెండు కైంకర్యములు సమానములు కావు. తనకంటూ మిగుల్చుకొనకపోవుటలో సమానములే. మితి వస్తువునకే గాని మనస్సునకు లేదు.

ఇక పలుకు సంగతి. ఒకమారు నేను శ్రీరామనవమి కల్యాణమునకు పోవుచు, అడవిదారిలో దప్పిగొని ఒక కోయ అవ్వ గుడిసె ముందు నిలిచితిని. ఆమె "కూసో సామీ" అని ఆదరించి, కుండలోని చల్లని నీరిచ్చెను. నేను త్రాగి, ముఖమైనను చూడక, "ఇదిగో, తీసికో" అని రూపాయి బిళ్ల విసరితిని. అవ్వ దానిని ఏరి, తుడిచి, నా చేతిలో పెట్టెను. "నీళ్లకు పైసలేంది సామీ? రాములోరికి వెయ్యి" అని నవ్వెను.

బాల్యముననే అమరము వల్లించిన నాకు, వదాన్యపదమునకు రెండవ యర్థము ఆనాడు బోధపడెను. ఇచ్చినది నేను కాదు, అవ్వయే.

యాత్రికులారా! హుండీలో ఎంత వేసితిమని లెక్కించుటకు ముందు, దారిలో ఎట్లు పలికితిమో తలచుకొందము.

శ్రీరామార్పణమస్తు.