తాడు ఎవరి చేతిలో ఉంది?

తేనె కోసం కొండచరియ దిగే మనిషి పైన తాడు ఎవరి చేతికిస్తాడో నల్లమల చెంచుగూడేల్లో పిల్లల్నడిగినా చెబుతారు. బావమరిది చేతికి ఇస్తాడు. తాడు జారితే ఆ బావమరిది అక్కో చెల్లెలో ముండమోస్తుంది, అందుకే ఆ చెయ్యి ఏమరదు. తాడు పట్టేవాడికి మన మీద ఎంత ప్రేమ ఉందని మన పెద్దలు అడగలేదు. మనం పడిపోతే అతనికి ఏం పోతుందని చూశారు.

పెద్దవయసు వాళ్ళకి పని నేర్పడానికి వస్తున్న డబ్బు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మాకు ఈ తాడే గుర్తొస్తోంది. దోర్నాల, ఎర్రగొండపాలెం, గిద్దలూరు వైపు గూడేలకీ తండాలకీ శిక్షణ పేరుతో జీపులు రావడం కొత్త కాదు. కుట్టుమిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లో పాఠాలంటున్నారు. ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళా కాదా అన్న చర్చ మాకు అక్కర్లేదు. నేర్చుకున్న పని అక్కరకు రాకపోతే ఎవరు నష్టపోతారన్నదే మా ప్రశ్న.

లెక్క వేసి చూద్దాం. ముప్పై అయిదేళ్ళ సుగాలి ఆడమనిషి. ఇద్దరు పిల్లలు, నాలుగు మేకలు. సీజన్లో మిరపకాయల కోతకి గుంటూరు వైపు పోతే వచ్చే కూలే సంవత్సరమంతటికీ ఆధారం. ఆమెను మూడు నెలల శిక్షణకు రమ్మన్నారు. యంత్రానికి, గది అద్దెకు, నేర్పేవాళ్ళ జీతానికి బడ్జెట్టులో పద్దులున్నాయి. ఆమె పోగొట్టుకునే తొంభై రోజుల కూలికి మాత్రం పద్దు కనబడదు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఎన్నో పథకాల కంటే నయమే. మామూలుగా ముప్పై అయిదేళ్ళ దాకా, చెంచుల్లాంటి ఆదిమ తెగలకైతే నలభై అయిదేళ్ళ దాకా చేర్చుకుంటుంది. శిక్షణ పొందిన నూరుమందిలో డెబ్భైమందికైనా ఉద్యోగం చూపాలని సంస్థలకు షరతు పెట్టింది. ఉండి నేర్చుకునే చోట తిండి, బస ఉచితం. మరి ఇంటి దగ్గర పిల్లల తిండి?

చదువుకునే పిల్లవాడికీ పెద్దవాళ్ళకీ తేడా ఇక్కడుంది. పిల్లవాడి రోజుకి వెల లేదు. పెద్దవాళ్ళ రోజు అప్పటికే ఎవరెవరి కడుపులకో పంచి ఉంటుంది. దాన్ని తీసుకుంటూ ‘ఉచిత శిక్షణ’ అనడం సరైన మాటేనా? కాగితాల్లో ఆమెను లబ్ధిదారు అంటారు. మేమైతే పెట్టుబడి పెట్టిన మనిషి అంటాం, అందరికంటే ఎక్కువ పెట్టింది ఆమే. పెట్టినవాళ్ళకి లెక్క అడిగే హక్కు ఉంటుంది.

నేర్చిన పనికి గిరాకీ పోతే ఏమవుతుందో మన ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. మార్కాపురం పలక దేశమంతా తిరిగింది. రాతిని పొరవెంట చీల్చడం చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. నష్టం కొన్నవాడికి రాలేదు, ఆ పనే నేర్చుకున్న చేతులకు వచ్చింది. (పలకలు చేసిన వాళ్ళలో ఎందరో పలక పట్టనివాళ్ళే. ఆ సంగతి మరోసారి రాయాలి.)

ఇదంతా యంత్రాల మీద కోపమనుకోవద్దు. 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ మెదక్ జిల్లా బీరంగూడలో పెద్దవాళ్ళకి కంప్యూటర్‌తో తెలుగు చదవడం నేర్పించింది. దాని వెనక ఉన్నది ఎఫ్.సి. కోహ్లీ. అ ఆ ల దగ్గర కాకుండా, పెద్దవాళ్ళకి నోటికి ముందే వచ్చిన మాటల దగ్గర మొదలుపెట్టారు. తెర మీద బొమ్మ, మాట, దాని రాత కలిసి కనబడతాయి. సుమారు నలభై గంటల్లో చిన్నచిన్న రాతలు చదవగలిగేలా పాఠాలు అమర్చారు. రాయడం వదిలేశారు, అది దాని లోటు. కానీ రెండు మర్యాదలు పాటించారు. మనిషికి వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఆమె కాలాన్ని తక్కువగా అడిగారు. పాత కంప్యూటర్లతోనే ఆ పని చేశారు.

మన అడవిలో ఇంకో సంగతి చూడండి. పులుల రిజర్వుల్లో గస్తీని నమోదు చేయడానికి 2010లో ఎం-స్ట్రైప్స్ అనే పద్ధతి వచ్చింది. నడిచిన దారి, కనబడిన అడుగుజాడ ఫోన్‌లోకి ఎక్కుతాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వులో గస్తీ తిరిగే వాచర్లలో చెంచులు చాలామంది. యాప్ చేసినవాళ్ళని నిపుణులంటాం. ఎండుటాకుల మీద అడుగు చూసి, అది ఎటు పోయిందో చెప్పే మనిషి మాత్రం కాగితం మీద నైపుణ్యం లేని కూలీ అయిపోతాడు. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. గూడేల్లో దాని పేరు విన్నవాళ్ళు మాకు పెద్దగా తగల్లేదు.

ఇక్కడ మాలో మాకే తగాదా ఉంది. మాలో చిన్నవాళ్ళు, ‘అడవి, తేనె అని మమ్మల్ని ఇక్కడే కట్టేయకండి, ఏసీ మెకానిక్ పని నేర్చుకుని హైదరాబాద్ పోతాం’ అంటున్నారు. వాళ్ళది తప్పనడానికి మాకు నోరు రాలేదు. మన పాత విద్యకి విలువ కట్టమనడం, మనల్ని మ్యూజియంలో పెట్టమనడం కాకూడదు. ఏ పని నేర్చుకోవాలో ఎంచుకునేది ఆ రోజులు పోగొట్టుకునే మనిషే కావాలి, అంతే. పోయి తిరిగొచ్చిన వాళ్ళ మాట కూడా వినాలి. నగరంలో గది అద్దె, తిండి పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలక వచ్చినవాళ్ళున్నారు. జీతం చీటీ చూపగానే అటువైపు పని పూర్తయినట్టే లెక్క. వాళ్ళు తిరుగుబస్సు ఎక్కేసరికి తాడు పట్టిన చెయ్యి అక్కడ లేదు.

డబ్బిచ్చేవాళ్ళను బావమరిదిని చేయలేం. వాళ్ళకీ కొంత పోయేలా చేయవచ్చు. శిక్షణ రోజులకు కూలి కట్టివ్వాలి. సంస్థకు చేరే సొమ్ములో ఒక భాగం ఏడాది దాకా ఆపి, నేర్చుకున్నవాళ్ళు గూడెంలో అందరి ముందూ కూర్చుని ‘పనికొచ్చింది’ అన్నాకే ఇవ్వాలి. పనికిరాలేదంటే ఎందుకో రాసుకోవాలి. దీనివల్ల సంస్థలు రావడం మానేస్తాయని ఒక ఉపాధ్యాయ మిత్రుడు భయపడ్డారు. కొన్ని మానేస్తాయి కూడా.

మీ గూడేనికి జీపు వచ్చినప్పుడు పేర్లు రాయించేది, ఫారాలు నింపేది ఎక్కువసార్లు మీరే, మాస్టారూ. ఈసారి సంతకాలకు ముందు, అందరూ వినేలా, మూడు నెలల కూలి ఎవరిస్తారని అడగండి. జవాబు ఆ ఫారం మీదే రాయించండి.