చేతిపనియు కైంకర్యమే

శ్రీమన్నారాయణుడు సర్వలోకములకును అధిపతి. సకల సంపదలకు నిలయమైన శ్రీమహాలక్ష్మి ఆయన వక్షఃస్థలమున వసించుచున్నది. అట్టి శ్రియఃపతికి మనము సమర్పింపగలిగిన వస్తువేమి కలదు? ఈ ప్రశ్న పూర్వులను ఎంతయో ఆలోచింపజేసినది. నేటి గృహస్థుని యెదుట అది మరియొక రూపమున నిలుచుచున్నది. ఇంటిలో సీమంతము గాని, నామకరణము గాని, గృహప్రవేశము గాని, వివాహము గాని తలపెట్టినప్పుడు మొట్టమొదట కలుగు చింత ఖర్చును గూర్చినదే. ఎంత వెచ్చించినచో పదిమందిలో పరువు నిలుచునా యని యజమానుడు ఆలోచించును. ఇంటిలో చేసినదే పెట్టినచో వచ్చినవారు ఏమనుకొందురోయని గృహిణి సంకోచించును. తుదకు అంగడి నుండి ప్లాస్టిక్ తోరణములు, థర్మకోల్ మంటపములు, ఫ్లెక్సీ పటములు ఇంటికి వచ్చును. వానితోపాటు అప్పుపత్రమును వచ్చును. పందిరి మరునాడే విప్పుదురు. వడ్డీ మాత్రము ఏండ్ల తరబడి ఆ ఇంటనే కాపురముండును. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దలు ఊరక అనలేదు.

కనుక విచారింపవలసిన విషయమిది: తక్కువ వ్యయముతో, ఇంటివారి చేతులతో జరుపుకొనిన వేడుక తక్కువ వేడుక యగునా? అంగడిలో కొనిన అలంకారముకంటె ఇంటిలో కట్టిన మామిడాకు తోరణము భగవంతుని దృష్టిలో చిన్నదగునా?

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున 26వ శ్లోకములో భగవానుడు దీనికి సూటిగా సమాధానమిచ్చియున్నాడు. ఆకు, పువ్వు, పండు, నీరు - ఈ నాలుగింటిలో దేనినైనను భక్తితో సమర్పించినచో తాను స్వీకరింతునని ఆయన వాక్కు. ఈ నాలుగింటిలో ధనవంతునికి మాత్రమే లభించునది ఒక్కటియు లేదు. పెరటిలో ఒక మొక్క, చెంత ఒక చెరువో బావియో ఉన్నవానికి ఇవి యన్నియు సులభములే. అదే గీత పదునేడవ అధ్యాయమున 12వ శ్లోకములో ఫలాపేక్షతోను, దంభము కొరకును చేయబడు యజ్ఞము రాజసమని చెప్పబడినది. పదిమంది మెచ్చుకొనుటకై శక్తికి మించి చేయు వేడుక ఏ కోవకు చెందునో వేరుగ వివరింపనక్కరలేదు.

శ్రీమద్భాగవతము దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము మనకందరకు తెలిసినదే. అందు ఒక సూక్ష్మము కలదు. భార్య ఇరుగుపొరుగులను అడిగి తెచ్చి కొంగున ముడివేసి యిచ్చిన అటుకులను కుచేలుడు ద్వారకానగర వైభవమును చూచిన తరువాత బయటకు తీయుటకే సిగ్గుపడెను. ఆయనకు అడ్డువచ్చినది దారిద్ర్యము కాదు, సిగ్గు. శ్రీకృష్ణుడు ఆ మూటను తానే లాగుకొని ఆరగించెను. నేడు మన ఇండ్లలోను జరుగుచున్నది ఇదియే. ఇంటిలో చేసిన చలిమిడిని, పానకమును అతిథి యెదుట ఉంచుటకు సంకోచించి, అంగడి మిఠాయి పెట్టెను ముందుకు జరుపుచున్నాము. స్వామి కోరి లాగుకొనునట్టి మూటనే మనము వెనుక దాచుచున్నాము.

ఈ విషయమున మన పలనాడు దేశమునకంతకు పాఠము చెప్పిన సీమ. పండ్రెండవ శతాబ్దమున గురజాల, మాచర్ల రాజ్యముల నడుమ సాగిన వైరమును శ్రీనాథుడు ద్విపదలో పలనాటి వీరచరిత్రముగ రచించెను. ఆ కథలో మంత్రియైన బ్రహ్మనాయుడు పరమ వైష్ణవుడు, చెన్నకేశవ భక్తుడు. చంద్రవంక ఒడ్డున మాచర్లలో వెలసియున్న శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయముతో ఆయన నామము నేటికిని ముడివడియున్నది. ఆయన నెలకొల్పిన చాపకూడు సర్వ కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన ఆచారము. కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో జరుగు పలనాటి వీరుల ఉత్సవములలో ఆ సహపంక్తి భోజనము నేటికిని స్మరింపబడుచున్నది. ఆ విందునకు వెండి పళ్ళెరములు లేవు, ఎత్తైన పీఠములు లేవు. గడ్డితో అల్లిన చాప ఒక్కటి చాలినది. ఎన్నియో శతాబ్దములు గడచినను జనులు మరువని విందు అదియే. విందు గొప్పతనము కూర్చున్నవారి హృదయములలో ఉండును గాని పరచిన వస్త్రపు ధరలో ఉండదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక మన చేతులతో చేయదగిన వానిని కొన్నిటిని స్మరింతము. పత్తి పండు పొలములున్న ఈ సీమలో దీపమునకు వత్తిని కొనవలసిన అగత్యమేమి? కార్తీకమునాటికి చేతికి వచ్చు క్రొత్త పత్తిలో ఒక పిడికెడు తీసి, గింజలు వేరుచేసి, ఏకి, ఇంటిల్లిపాదియు కూర్చుండి వత్తులు చేసుకొనవచ్చును. ఆ పత్తినే పసుపు, కుంకుమలు అద్ది స్వామికి వస్త్రముగ సమర్పింపవచ్చును. పసుపునకు సున్నపు తేట తగిలినంతనే ఎఱ్ఱబడుట అందరెరిగినదే. ఆ గుణము ననుసరించియే మన పెద్దలు ఇంటిలో కుంకుమ చేసికొనెడివారు. బియ్యపు పిండితో వేసిన ముగ్గు వాకిటికి అందము, చీమలకు ఆహారము. శనివారమునాడు వేంకటేశ్వరునకు వెలిగించు పిండిదీపము ప్రమిద, ప్రసాదము రెండును తానేయగును. శ్రీరామనవమికి తాటాకు పందిరి, బెల్లము, మిరియములు, ఏలకులు కలిపిన పానకము, నానబెట్టిన పెసరపప్పు - ఇంతకంటె ఖరీదు తక్కువయైన పండుగ ఏది? అయినను వేసవి తాపమున వచ్చు ఆ పండుగకు ఇంతకంటె తగిన నైవేద్యమును ఎవరైనను కల్పింపగలరా? మంగళగిరి కొండమీద నరసింహస్వామి బెల్లపు పానకమునే ఆరగించి, భక్తుడు తెచ్చిన దానిలో సగము తిరిగి ప్రసాదముగ ఇచ్చునని ప్రసిద్ధి. ఆ స్వామి పానకమునకు ప్రీతి చెందుచుండగా, అతిథికి పానకము ఇచ్చుటకు మనము సిగ్గుపడుట తగునా? మోదుగ ఆకులను ఈనెలతో కుట్టిన విస్తళ్ళు పంక్తికి శోభనిచ్చును. భోజనానంతరము పశువులు తినునో, మట్టిలో కలిసిపోవునో గాని, ప్లాస్టిక్ పళ్ళెములవలె ఊరి చివర కుప్పపడి నిలువవు.

ఇంటి పూదోట విషయమును అట్టిదే. పూలదండను స్వహస్తములతో కట్టుట ఆళ్వారుల సంప్రదాయము. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులు తులసీవనమును పెంచి స్వామికి మాలలు సమర్పించెను. ఆ తోటలోనే ఆయనకు గోదాదేవి లభించినది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో గానము చేసినది ఈ కథయే. చక్రవర్తి తన కావ్యమునకు ఎన్నుకొనిన నాయకులలో ఒకరు తోట త్రవ్వి దండలు గ్రుచ్చిన వృద్ధ భక్తుడు!

అయితే పలనాట తోట పెంచుట అంత సులభము కాదు. మాచర్ల, గురజాలల నడుమనున్న రెంటచింతల వేసవి యెండలకు రాష్ట్రమంతట పేరుపొందినది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయైన పిదప పొలములకు జలము వచ్చినది గాని, పెరటి మొక్కకు వేసవిలో నీటి కరవు నేటికిని ఉన్నది. దీనికి కుమ్మరి కుండయే ఉపాయము. మెరుగుపూత లేని మట్టికుండను మొక్క ప్రక్కన మెడవరకు పాతి, నీరు నింపి మూత పెట్టవలెను. నీరు కుండ గోడలనుండి కొలది కొలదిగా ఊరి వేళ్ళకు అందును. ఎండకు ఆవిరియై పోదు. బియ్యము కడిగిన నీటిని పారవేయక మొక్కలకు పోయవచ్చును. పురుగు పట్టినచో లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పప్పును దంచి, రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, సాయంకాలమున చల్లిన చాలును. స్వామి పాదములను చేరు పువ్వుమీద విషమేల? జూలైలో చల్లిన బంతి విత్తులు దసరాకు, అక్టోబరులో చల్లినవి సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలనిచ్చును. ఎండిన బంతిపూలను దాచుకొనినచో మరుసటి యేటికి విత్తులు కొననక్కరలేదు. నందివర్ధనము, మందారము కొమ్మ నాటిననే బ్రతుకును. తులసిని గూర్చి చెప్పనేల? ఒక మొక్క ఉన్న ఇంట, దాని గింజలు రాలి పది మొక్కలగును. ద్వాదశినాడు కోయరాదను నియమము మాత్రము మరువరాదు.

ఇంతవరకు చెప్పినదానిని విని కొందరు ఇట్లు ఆక్షేపింపవచ్చును: "ఇది లోభమునకు భక్తియను ముసుగు వేయుట కాదా?" ఈ ఆక్షేపణను తేలికగ త్రోసివేయరాదు. మితవ్యయమును లోభమును చూచుటకు ఒక్కతీరుగనే ఉండును. ఇరువురును తక్కువ ఖర్చే చేయుదురు. భేదము మిగిలిన ధనము ఎటుపోవునను దానిలో తెలియును. అలంకారములలో మిగిలిన సొమ్ముతో ఒక పేదవిద్యార్థికి పుస్తకములు కొనిపెట్టినచో, పంక్తిలో మరి నలుగురికి విస్తరి వేసినచో, అప్పు చేయక పిల్లల భవిష్యత్తును కాపాడినచో అది మితవ్యయము. అతిథికి వడ్డించు నేతిని తగ్గించి, పెట్టెకు తాళము వేసినచో అది లోభము. ఆడంబరమును తగ్గింపవలెను గాని ఆదరమును తగ్గింపరాదు.

రెండవ ఆక్షేపణ ఇంకను గంభీరమైనది. ఇంటిలో చేసినదానికి ఖర్చు లేదని మనము అనుచున్నాము. నిజముగ ఖర్చు లేదా? వత్తులు చేసినది, పిండి విసరినది, దండలు కట్టినది, తెల్లవారకముందే లేచి ముగ్గు వేసినది ఎవరు? ఆ ఇంటి స్త్రీలు. వారి శ్రమకు లెక్క వ్రాయబడలేదు గనుక అది ఉచితమని తలచుట అన్యాయము. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమలలో పూదోట పెంచుటకు వెళ్ళిన అనంతాళ్వారుల కథ ఇచ్చట స్మరణీయము. తోటకై చెరువు త్రవ్వుచుండగా గర్భవతియైన ఆయన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు సాయము చేయ వచ్చెను. కైంకర్యఫలమును ఇతరులతో పంచుకొనుటకు ఇష్టపడక అనంతాళ్వారులు వలదనిరి. ఆ బాలుడు ఆయన కంటబడకుండ ఆ తల్లి బరువును తాను మోసెను. అది తెలిసి కోపించి ఆయన గునపము విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలెను. ఆ బాలుడు శ్రీనివాసుడే. ఆ గునపము నేటికిని తిరుమల ఆలయ మహాద్వారమున కానవచ్చును. స్వామి గడ్డమున పచ్చకర్పూరము అలదుట ఆ గాయమునకు గురుతని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను సాధారణముగ స్వామి సౌలభ్యమునకు దృష్టాంతముగ చెప్పుదురు. దానిలో గృహస్థునికి మరియొక బోధయు కలదు. చెరువు త్రవ్వుట మహాకైంకర్యమే. అయినను స్వామి దృష్టి మొదట పడినది మట్టితట్ట మోయుచున్న గర్భవతిమీద. "ఇది నా చేతిపని" యను పట్టుదలలో మహాభక్తునికి కానరాని శ్రమ భగవంతునికి కనబడినది. కనుక ఇంట పండుగ పనులు ఇంటివారందరివి కావలెను. కుండ పాతుట, నీరు మోయుట, విస్తళ్ళు కుట్టుట పురుషులును చేయవలెను. పిల్లలకు దండ కట్టుట నేర్పవలెను. ఒక్కరి నడుము విరిగి పదిమంది మెచ్చుకొను వేడుక ఎంత చవుకయైనను స్వామికి ప్రీతికరము కాజాలదు. "మా ఇంట అంతయు చేతితోనే చేసితిమి" అను గర్వము కూడ ధనగర్వమువంటిదే.

మూడవది: అందరును ఇంటిలోనే చేసికొనినచో కుమ్మరి, మేదరి, సాలె, పూలవ్యాపారి ఎట్లు బ్రతుకవలెను? బ్రహ్మనాయుడు పరచిన చాపను ఎవరో అల్లిరి గదా! మనము చేయలేని వస్తువును వారివద్దనే కొనవలెను. ప్లాస్టిక్ తోరణమునకు పోవు ధనము మేదరి బుట్టకు, కుమ్మరి ప్రమిదకు పోయినచో వేడుక ఖర్చు తగ్గును, ఊరిలో మరియొక పొయ్యియు వెలుగును. బేరమాడి వారి కూలిని తగ్గించి దానిని పొదుపు అనుట పాపము.

పాఠక మహాశయులారా! రాబోవు శుభకార్యమునకు పద్దు వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. దీనిలో ఏది స్వామికొరకు, ఏది పరులు చూచుటకొరకు? దీని బరువు ఎవరి భుజములమీద పడుచున్నది? మిగిలినది ఎవరికి చేరుచున్నది? ఈ మూడింటికి నిర్మలముగ సమాధానము చెప్పగలిగిన ఇంట పిడికెడు అటుకులైనను ద్వారకకు చేరును. వ్రేళ్ళకు పసుపు అంటిన చేతులతో, అప్పు లేని మనస్సుతో, అందరిని ఒక పంక్తిని కూర్చుండబెట్టి పండుగ చేసికొను భాగ్యమును శ్రీ చెన్నకేశవస్వామి మనకందరకు అనుగ్రహించుగాక!