సింహాసనం ఎవరిది?

రాజ్యాధికారం రాజు సొత్తా, లేక దైవం అప్పగించిన బాధ్యతా అన్న ప్రశ్నకు విజయనగర పాలకులు తమ కట్టడాల్లోనూ కర్మకాండలోనూ ఒక సమాధానం చూపారు. వారి రాజధాని హంపిలో కొలువుకూటంగా, అంటే రాజు పరివారంతో ఆసీనుడై విన్నపాలు వినే మండపంగా, పరిశోధకులు గుర్తించిన కట్టడంలో వంద స్తంభాల రాతి ఆధారాలు మాత్రమే మిగిలాయి. పైనున్న కొయ్య నిర్మాణం నశించింది. దానికి సమీపంలోని మహానవమి దిబ్బ అంతస్తులుగా లేచిన రాతి వేదిక; దాని పార్శ్వాలపై ఏనుగులు, గుర్రాలు, వేట, నాట్యం శిల్పాలుగా బారులు తీరాయి. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, నవరాత్రుల తొమ్మిది రోజులూ రాజసింహాసనంలో పూలతో అలంకరించిన బంగారు ప్రతిమను ఉంచేవారని రాశాడు. రాజులు తమ దానశాసనాల చివర సొంత పేరుకు బదులు తాము కొలిచే దైవం పేరును 'శ్రీ విరూపాక్ష' అని చేవ్రాలు చేయడంలోనూ ఇదే భావన ఉంది: ఏలిక దైవం, రాజు ప్రతినిధి. అయితే ఈ భావన రాజుకు వినయాన్ని నేర్పగలిగినట్టే, అతని ఆజ్ఞకు దైవాజ్ఞ అంతటి బలాన్నీ ఇవ్వగలదు. కాబట్టి పీఠానికి పవిత్రత దానిపై నిలిపిన ప్రతిమ వల్ల గాక, దాని ముందు ప్రజలకు దొరికిన న్యాయం వల్లనే సిద్ధిస్తుంది.