బట్టీల విహారము - ఇంటి నీతి

యాత్ర యను మాటకు మన తిరుపతి ప్రాంతమున గల గౌరవము కొంచెము కాదు. అలిపిరి మెట్ల నెక్కువాడు కాళ్ల నొప్పిని లెక్కింపడు. కొండమీద మద్యమాంసములు నిషిద్ధములని యెఱిగి, తన సంచిని సోదా చేసినను నొచ్చుకొనడు. ఒకదానిని చూచుటకై మఱియొకదానిని విడుచుటయే యాత్ర యని మన పెద్దలు మనకు నేర్పిరి. ఇప్పుడు చదువుకొన్న కుటుంబములలో వేఱొక విధమైన యాత్ర వాడుకలోనికి వచ్చుచున్నది. స్కాట్లండు దేశపు సముద్రతీరములందును దీవులందును గల విస్కీ బట్టీలను వరుసగా చూచి వచ్చుట, అది వీలుకానిచో గోవాలోనో బెంగళూరులోనో గల బట్టీలను చూచుట, సెలవులకు దగిన విహారముగా నెంచబడుచున్నది. ఉద్యోగములకై బ్రిటనుకు వెళ్లిన బిడ్డలు కొందఱు తలిదండ్రులను పిలిపించుకొని, లండను, ఎడింబరో నగరముల వెనుక నీ దీవులను గూడ పట్టికలో చేర్చుచున్నారు. ఇది తగునా, తగదా యని యిండ్లలో వాదములు జరుగుచున్నవి. ఆ విషయమున మా తలంపును చదువరుల ముందుంచుచున్నాము.

విహారమునకు అనుకూలముగా చెప్పదగినదానిని ముందుగా చెప్పుట న్యాయము. స్కాట్లండుకు పడమట సముద్రములో ఐలా యను దీవి కలదు. అచ్చటి జనము మూడువేల పైచిలుకు మాత్రమే. బట్టీలు మాత్రము పది వఱకు నున్నవి. వానిలో బౌమోర్ 1779 నుండియు, లాఫ్రోయిగ్ 1815 నుండియు పేరొందినవి. స్కై యను మఱియొక దీవిలో టాలిస్కర్ బట్టీ 1830లో నేర్పడెను. యవలను నానబెట్టి మొలకెత్తించి, చిత్తడినేలలో వేలయేండ్లు మురిగి గట్టిపడిన పీటు అను మట్టిని రాజబెట్టి, ఆ పొగకు వానిని ఆరబెట్టుదురు. ఐలా సరకునకు గల పొగవాసన దీనివలన వచ్చినదే. పిదప ఆ మొలకలను విసరి, వేడినీట కలిపి, తియ్యని రసమును తీసి, పులియబెట్టి, రాగి బానలలో సాధారణముగా రెండుమార్లు కాచి దింపుదురు. ఓకు కఱ్ఱ పీపాలలో మూడేండ్లయినను నిలువయుండనిదే దానిని స్కాచి విస్కీ యనరాదని అచ్చటి శాసనము. ఏటేట పీపాలోనుండి నూటికి రెండు పాళ్ల చొప్పున గాలిలో కలిసిపోవును. దానిని వారు దేవదూతల భాగమని సరసముగా పిలుతురు. మన యుష్ణదేశమున నా భాగము నూటికి పది పాళ్ల వఱకు పెరుగుచుండుటచే, ఇచ్చటి పీపాలు త్వరగా పండును, త్వరగా తఱుగును. 1948లో బెంగళూరున స్థాపింపబడిన అమృత్ సంస్థవారు 2004లో తమ విస్కీని గ్లాస్గో నగరమునకే కొనిపోయి, స్కాటులకే అమ్మజూపిరి. ఇట్టి ఓర్పును, ఇట్టి నేర్పును కన్నులార చూడవలెనని యెవ్వరికైనను కోరిక కలిగిన, దానిని పాపమని మేము అనజాలము. శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాతను, చిత్తూరు పల్లెలలో బెల్లపు వంటను బిడ్డలకు చూపుట యెట్టిదో, ఒక వస్తువు పుట్టుకను చూచుట యట్టిదే.

అయినను ఇచ్చట నొక భేదమున్నది. కలంకారీ వస్త్రమును నేర్పుతో వ్రాసినచో, ఆ నేర్పు కట్టుకొన్నవారికిని మేలే చేయును. మద్యము విషయమున అట్లు కాదు. రాగి బాన యెంత మెఱసినను, కాపరి యెంత నిపుణుడైనను, ఆ నేర్పు త్రాగువాని యింటికి మేలు చేయునో కీడు చేయునో బట్టీలో తెలియదు. మద్యమునకు సంబంధించిన నీతి యంతయు తయారగు చోట గాక, త్రాగు చోట నున్నది. విహారికి చూపబడునది మొదటి చోటు మాత్రమే. సముద్రపు గాలి, తెల్లగోడలు, చిన్న గాజుపాత్రలో గుక్కెడు రుచి, వెలుపల అంగడిలో సీసా. ఇంతటితో నాతని దర్శనము ముగియును. అతడు చూచినది సత్యమే కాని సగము సత్యము.

మిగిలిన సగమును స్కాట్లండు ప్రజలు తామే యెఱుగుదురు. స్కాచి విస్కీకి పుట్టినిల్లయిన యా దేశముననే 1913లో నొక శాసనము పుట్టి, తమ యూర మద్యపు దుకాణములుండవలెనా వలదా యని యోట్లు వేసి తీర్మానించుకొను హక్కు 1920 నుండి పౌరులకు కలిగెను. ఈశాన్యతీరమున విక్ అను చేపల రేవు ఆ హక్కును వినియోగించుకొని, 1922 నుండి 1947 వఱకు ఇరువదియైదేండ్లు దుకాణములు లేకుండ గడపెను. అదే యూర 1826 నాటి పుల్ట్నీ బట్టీ యుండుట గమనింపదగినది. అది 1930లో మూతపడి, 1951లో మరల తెరవబడెను. నేడు సముద్రతీర విస్కీయని దానిని కొనియాడుచు వచ్చు విహారులలో, ఆ యూరివారు తమ గుమ్మమున కాగుచున్న సరకునే తమ వీథులలో వలదన్న సంగతి యెందఱికి తట్టును? ఇది పాతమాట యని త్రోసిపుచ్చ వీలులేదు. అల్పపు వెలకు మద్యమును విక్రయింపరాదని 2018లో స్కాట్లండు ప్రభుత్వము కనీసపు ధర నేర్పఱచి, 2024లో దానిని మఱింత హెచ్చించెను. చేయువారే తమ సరకును గూర్చి ఇంత వెఱపుతో నుండగా, చూడబోవు మనకు మాత్రము వెఱపేల యుండరాదు?

ఈ ప్రశ్న చిత్తూరు మండలమునకు క్రొత్త కాదు. మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. అనగా ఆంధ్రదేశమున నీ పరీక్షకు ముందుగా నిలిచిన జిల్లాలలో మనదొకటి. పోయిన ఆబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను విధింపబడెను. యుద్ధకాలమున నిషేధము సడలి, 1948 నాటికి రాజధాని యంతట మరల నెలకొని, 1960ల చివర మఱల వదులైనది. మద్యము తిరిగి వచ్చినను, దానికి బదులుగా పుట్టిన పన్ను తిరిగి పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచునే సారా దుకాణములకు అడ్డు నిలిచిరి. దాని ఫలముగా 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ నిషేధమును వచ్చెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము పోయెను. శాసనము మద్యమును మాన్పగలదని మేము వాదింపబోము. అంగడి మూసిన చోట బెల్లపు ఊట అడవిలో కాగిన సంగతి మన మండలమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. అయినను ఇన్నిమార్లు ఆ కోరిక యేల లేచినదో విచారింపవలెను. కూలి చేతికి వచ్చిన సాయంకాలమున పొయ్యి రాజనియిండ్లలోని తల్లులు దానిని లేపిరి. బట్టీలో చూపబడని రెండవ సగము వారి వాకిండ్లలో నున్నది.

ఇప్పుడు మా ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. ఒకే మద్యసారమునకు మన యిండ్లలో రెండు భాషలున్నవి. పెరటిలో పనిచేయువాడు త్రాగిన త్రాగుబోతు. యజమాని త్రాగిన రసజ్ఞుడు. వానిది వ్యసనము, వీనిది అభిరుచి. వాడు దుకాణమునకు పోయిన చెడుత్రోవ, వీడు దీవికి పోయిన విజ్ఞానయాత్ర. దీనికి కొందఱు చెప్పు సమాధానము వినదగినదే: యజమాని గుక్కెడు త్రాగినంతమాత్రమున అతని బిడ్డలు పస్తుండరు గదా యని. నిజమే. కాని ఆ భేదము జీతములోని భేదము. గుణములోని భేదము కాదు. వ్యసనము జీతపు పట్టీని చూచి ఒకనిని వదలి యొకనిని పట్టదు. పేదయింటి పస్తు వీథిలోనికి వినబడును. కలిగినయింటి కన్నీరు గోడలు దాటి రాదు. అంతమాత్రమున అది లేదని చెప్పరాదు. ఇక పనితనమును గౌరవించుటయే విహారమునకు కారణమనువారిని మేము ఒక్క ప్రశ్న వేయుదుము. నడుమునకు మోకు కట్టుకొని, తెల్లవారుజామున తాటిచెట్టెక్కి, ప్రాణమునకు తెగించి కల్లు దింపు గీతవాని నేర్పు మన యూర నేయింటివారు బిడ్డలకు చూపిరి? ఆతని మోకునకు లేని మర్యాద దూరదేశపు రాగిబానకు వచ్చినదనిన, మనము గౌరవించుచున్నది పనితనమును గాక వెలను అని తేలుచున్నది.

కాబట్టి బిడ్డలు పిలిచిన తలిదండ్రులు ఆ దీవులకు పోరాదని మేము కట్టడి చేయము. త్రాగనివాడును పోవచ్చును, పీపాను చూచుటకు త్రాగనక్కఱలేదు. బండి నడపువాడు అచ్చట రుచి చూడకూడదని, వాని భాగమును చిన్న సీసాలో పోసి యింటికి పంపు పద్ధతి అనేక బట్టీలలో నున్నది. ఇతరుల ప్రాణములు తన చేతిలో నున్నవాడు మొదట మానవలెనను ఆ నియమము బండికే గాక సంసారమునకును వర్తించును. ఇంటిని నడపువాడును ఒక విధమున సారథియే. విహారమునకు పట్టిక వేయునప్పుడు ఇల్లాలి యిష్టమును అడిగిరా? తండ్రి తెచ్చి అద్దాల బీరువాలో నిలిపిన సీసాను చూచి పదునాఱేండ్ల పిల్లవాడు నేర్చుకొను పాఠమేమి? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పుకొనిన పిమ్మట పోవువారిని పోనిండు.

తిరిగి వచ్చినవారికి మాత్రము ఒక పరీక్ష కలదు. తాము ఎచ్చటికి పోయితిమో, ఏమి చూచితిమో, ఏమి త్రాగితిమో, స్నేహితులతో చెప్పిన మాటలతోనే తమ యింట పనిచేయు మనిషితోను చెప్పగలరా? ఆమె భర్త త్రాగి వచ్చిన రాత్రిని గూర్చి తాము పలికిన మాటలను తమ విషయమునను పలుకగలరా? మాటను మార్చవలసి వచ్చినచో, ఆ మార్పులోనే అసత్యమున్నది. మార్చనక్కఱ లేనివాడు అచ్చట మితముగా నుండును; ఇచ్చట త్రాగుడు వలన చెడిన కుటుంబమును చూచి తిట్టుటకు ముందు, వాని చేతికి గాక ఇల్లాలి చేతికి కూలి నిచ్చుట, వైద్యునియొద్దకు తోడు పోవుట మొదలగు చిన్నపనులకు పూనుకొనును. అట్టి పని ఒకటియైనను చేసినవానికి దీవిలో చూపని రెండవ సగమును చూచిన ఫలము దక్కును.