గీతలొచ్చినవాడు

రాయగడలో, నాగావళికి కూతవేటు దూరంలో, ఒక బియ్యం మిల్లు. షావుకారు నోరు తెరిస్తే బూతే. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కలాసీ ఒకడు ఆరేళ్లుగా అక్కడ బస్తాలు మోస్తున్నాడు. అతనికి రాత రాదు, గీత వచ్చు. బస్తాకో గీత, అయిదోదానికి అడ్డగీత. లారీ లెక్క తప్పకూడదని ఆ విద్య నేర్పింది షావుకారే.

ఏటా జనవరిలో మిల్లు పేరు అచ్చేసిన క్యాలెండరు కలాసీలకూ పంచేవారు. అతను దాన్ని గోడకు తగిలించి, పనికెళ్లిన రోజు గడిలో ఒక గీత గీసేవాడు. జ్వరంతో పడుకుంటే సున్నా. ఎందుకని పెళ్లాం అడిగితే "చేతికి అలవాటైపోయిందే" అనేవాడు.

ఒకనాడు గోనె చిరిగి బియ్యం నేలపాలైంది. షావుకారు అతని తల్లిని ఎత్తి తిట్టాడు. "నన్ను తిట్టండి బాబూ, మాయమ్మేం చేసింది?" అన్నాడు కలాసీ. ఆ పూటే గేటు బయట.

సాయంత్రం గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. "నీ అంతట నువ్వే మానేసినట్టు వేలిముద్ర వెయ్యి. బాకీ కూలి ఇచ్చేస్తాం."

"మళ్లీ ఓసారి చదవండి బాబూ." చదివాడు. "నేను మానలేదు గదా?" అంటూ కలాసీ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

కలాసీ ఫిర్యాదు చేస్తే, లేబర్ ఆఫీసులో షావుకారు మొదట "వీడు మా మనిషే కాడు" అన్నాడు. కాసేపాగి "వీడే మానేశాడు" అన్నాడు.

"మీ మనిషే కానివాడు మానేయడమేమిటండీ?" అన్నాడు అధికారి.

కలాసీ సంచిలోంచి క్యాలెండర్లు తీశాడు. చివరి పన్నెండు నెలల్లో 261 గీతలు. "ఇవి వాడు గీసుకున్నవి!" అని షావుకారు ఎగిరాడు. "నిజమే. మీ హాజరు పుస్తకం తెండి, పక్కన పెట్టి చూద్దాం" అన్నాడు అధికారి.

పుస్తకం రాలేదు. జయపురం లేబర్ కోర్టు మెట్లెక్కక ముందే, మూడో వాయిదాకు డబ్బు వచ్చింది.

నీతి: కొలువులో ఉండగానే రుజువు దాచుకోవాలి, పోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు. తిట్లకు ఈ లెక్కలో గడి లేదు, రోజులకే ఉంది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు. అలాంటివాణ్ని తప్పేమీ లేకుండా తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి; పైన ఏడాదికి 15 రోజుల సగటు జీతం. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వేరే. తప్పు మోపితే కాగితం మీద పెట్టి, జవాబు విని, విచారణ జరపాలి. విచారణ లేకుండా 'వాడే రావడం లేదు' అని పేరు కొట్టేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంఘం అండ లేని ఒంటరివాడి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమేనని పారిశ్రామిక వివాదాల చట్టానికి 1965లో చేసిన సవరణ ఒప్పుకుంది. రాజీ అధికారి దగ్గర 45 రోజుల్లో తేలకపోతే అతనే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ దారి ఉంది గానీ, గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు దిగింది. అలిగి ఇంట్లో కూర్చునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఆ మరుసటేడు మిల్లువాళ్లు క్యాలెండర్లు పంచలేదు.