ఇంటికి బీమా చేయుట అవిశ్వాసమా?



ధర్మపురిలో మన సంఘస్థుల ఇంట కుటుంబ ప్రార్థనకు మేము కొందరము వెళ్ళియుంటిమి. గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి కాదు. తమిళనాడులో, బెంగుళూరు నుండి సేలము పోవు దారిలో ఉన్న ధర్మపురి. ఆ కుటుంబమువారు ఇరువది ఏండ్లు అద్దె ఇండ్లలో కాలము గడిపి, బ్యాంకు అప్పు తీసికొని మూడు గదుల ఇల్లు కట్టుకొనిరి. ప్రార్థన ముగిసి టీ త్రాగుచుండగా ఆ ఇంటి కుమారుడు, "అంకుల్, ఇంటికి ఇన్సూరెన్స్ చేయిద్దామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగెను. మాతో వచ్చిన డీకను గారు నవ్వుచు, "ఇల్లు దేవుడికి ప్రతిష్ఠ చేశాం గదా నాయనా, మళ్ళీ ఆ కాగితం ఎందుకు? ఆయన మీద నమ్మకం చాల్లేదా?" అనిరి. పిల్లవాడు తల వంచుకొనెను. మాలో ఎవరమును మాటలాడలేదు. ఆ మౌనము మాకే నచ్చలేదు. తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఆ సంగతే చెప్పుకొంటూ వచ్చితిమి. అదే ఇక్కడ వ్రాయుచున్నాము.

డీకను గారి మాటను తేలికగా త్రోసివేయరాదు. మన పెద్దలు చేతిలో ఏమియు లేకుండ ఊరు విడిచి వచ్చినవారు. వారికి బ్యాంకు లేదు, పాలసీ లేదు. జబ్బు చేసినను, పని పోయినను మోకాళ్ళూనిరి; ఎవరో ఒకరు తలుపు తట్టి బియ్యము పెట్టి పోయిరి. అట్టి అనుభవము గలవారికి ప్రీమియం కట్టుట అనగా దేవునినే జామీను అడిగినట్లు తోచుటలో వింత లేదు. కొట్లు పెద్దవి చేసికొని ఇక నాకేమి భయమనుకొన్న ధనవంతుని ప్రాణము ఆ రాత్రియే పోయిన ఉపమానము కూడ వారి పక్షముననే ఉన్నది.

అయితే ఆ ప్రశ్న వచ్చిన చోటు ధర్మపురి. ఆ ఇంటినుండి ఎంతో దూరము కాదు, నాయక్కన్‌కొట్టాయ్ దగ్గర నత్తం కాలనీ ఉన్నది. (నత్తం అనగా తమిళములో ఊరి ఇండ్ల స్థలము.) 2012 నవంబరు 7వ తేదీ సాయంకాలము అక్కడ ఏమి జరిగెనో దేశమంతయు పత్రికలలో చదివినది. వేరు వేరు కులములకు చెందిన ఇద్దరు యువతీయువకులు పెండ్లి చేసికొనిరి. ఆ యువతి తండ్రి ఆత్మహత్య చేసికొనెను. ఆ వెనుక గుంపులు లేచి, చెట్లు నరికి దారులకు అడ్డము వేసి, నత్తం కాలనీ, అణ్ణా నగర్, కొండంపట్టి అను దళిత కాలనీలమీద పడి ఇండ్లు దోచి తగులబెట్టిరి. దెబ్బతిన్న ఇండ్లు 268 అని లెక్క తేలినది. జనులు ముందే పరుగెత్తిపోయినందున ప్రాణములు మిగిలినవి.

కాలినవన్నియు గుడిసెలు కావు. బెంగుళూరులోను తిరుప్పూరులోను కూలిపని చేసి, కూడబెట్టి కట్టుకొన్న పక్కా ఇండ్లు అందులో ఎన్నో ఉన్నవి. టీవీలు, బీరువాలు, మోటారు సైకిళ్ళు, పిల్లల పెండ్లికి దాచిన నగలు, స్కూలు సర్టిఫికెట్లు. ఒక బీరువా కొనవలెనంటే ఎన్ని రోజుల ఓవర్‌టైము చేయవలెనో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ప్రభుత్వము మొదట ఒక్కొక్క కుటుంబమునకు 50,000 రూపాయలు ప్రకటించెను. ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగినచో ఆ సొమ్ముతో ఎంతవరకు గోడ లేచునో చెప్పును.

కారంచేడు, చుండూరు అను పేర్లు వినగానే మన ఇండ్లలో పెద్దలు ఇప్పటికిని మాట మార్చెదరు. కనుక ఇల్లు కాలుట అను మాట మనకు పుస్తకములోని మాట కాదు. నత్తం కాలనీవారికి విశ్వాసము తక్కువైనందున ఇండ్లు కాలెనని ఏ డీకను గారును అనరు. మరి ఇల్లు నిలిచియున్న మనము మాత్రము, మా విశ్వాసమువలననే నిలిచినదని ఏ నోటితో చెప్పుకొందుము? మమ్మును ఎక్కువగా కలవరపెట్టినది ఈ ప్రశ్నయే. బీమా వద్దనుట ఒక్కొక్కసారి విశ్వాసము కాదేమో. మనకు రాదులే అను ధీమా కావచ్చును.

మనుష్యులవలననే కాదు, ఆకాశమునుండియు వచ్చును. ధర్మపురి, కృష్ణగిరి అనగా నీళ్ళకు కటకటలాడు జిల్లాలని మనము అనుకొందుము. 2024 డిసెంబరు మొదట ఫెంగల్ తుపాను వెనుక ఊత్తంగరైలో ఒక్క దినమున 50 సెంటీమీటర్ల వాన పడెను. హరూరులో 30 సెంటీమీటర్లు దాటినది. కరవు జిల్లాలో వరదకు బీమా ఏమిటని అంతకుముందు ఎవరైనను నవ్వియుందురు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త ఇల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ ఉన్నది: మిద్దెకు పిట్టగోడ కట్టవలెను, ఎవడైనను పైనుండి పడి చచ్చినచో ఆ దోషము ఇంటివాని మీదికి వచ్చును. దేవుడు కాపాడును గనుక పిట్టగోడ అక్కరలేదని మోషే చెప్పలేదు. నెహెమ్యా ప్రార్థనయు చేసెను, కావలివారినియు నిలిపెను. అంతియొకయ సంఘము సంగతి ఇంకను దగ్గరగా ఉన్నది. కరవు రాబోవుచున్నదని అగబు చెప్పగానే, ఆ శిష్యులు తమ తమ శక్తికొలది యూదయలోని సహోదరులకు సొమ్ము పంపుటకు నిశ్చయించుకొనిరి. కరవు వచ్చినవారెవరో చూచి జాలిపడిన తరువాత కాదు, ముందుగానే. యోసేపు కూడ సమృద్ధిగా పండిన ఏడేండ్లలో అయిదవ భాగము తీసిపెట్టించెను. అది ఫరో కొట్లలో చేరినను, ఆకలిగొన్నవాని నోటికి వచ్చెను. ఉపమానములోని ధనవంతుని కొట్టుకును యోసేపు కొట్టుకును తేడా అంతయు అక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

మన చరిత్రలోనే చూడుడి. 1876-78 కరవులో క్లౌ దొర గారు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. సర్వే నేర్చినవారు గనుక కొలతలు ఆయనకు తెలియును. కూలి కొరకు ఎవరును బాప్తిస్మము అడుగకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములు కూడ ఆపిరి. గుండ్లకమ్మలో 2,222 మంది మునిగిన దినమును ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొనెదము గాని, దానికి ముందు కొలబద్ద పట్టుకొని కాలువ గట్టున నడచిన దినములను అంతగా చెప్పుకొనము.

ఇక బీమా అనగా ఏమి? వేయి ఇండ్లవారు కొద్ది కొద్దిగా వేసిన సొమ్ములోనుండి కాలిన ఒక్క ఇంటివారికి ఇచ్చుట. "ఐదేళ్ళు కట్టాను, ఒక్క పైసా తిరిగి రాలేదు" అని మనవారు వాపోవుట మేము అనేకసార్లు వింటిమి. మన ఇల్లు కాలలేదు. మన సొమ్ము మనమెన్నడును చూడని ఎవరి గోడకో పోయినది. కానుక వేసినప్పుడు రాని దుఃఖము ఇక్కడ ఎందుకు వచ్చుచున్నది? కంపెనీ సంఘము కాదు, లాభమునకే నడుచును, అది నిజమే. అయినను కంపెనీ ఉద్దేశము వేరు, మనము కట్టుటలోని ఉద్దేశము వేరు.

ఖరీదు విషయములో మనవారికి అపోహ ఎక్కువ. 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆజ్ఞ చొప్పున కంపెనీలు "భారత్ గృహ రక్ష" అను ఒకే మాదిరి పాలసీని అమ్ముచున్నవి. షరతులు అన్నిచోట్ల ఒక్కటే. ప్రీమియం మాత్రము కంపెనీని బట్టి మారును. కనుక ప్రభుత్వ కంపెనీలు నాలుగింటిలో ఒకటిరెండు, ప్రైవేటువి ఒకటిరెండు అడిగి ధర పోల్చుకొనుట తేలిక. సామాన్యమైన ఇంటికి సంవత్సరమునకు పట్టునది సాధారణముగా కొన్ని వందల రూపాయలే. అగ్ని, తుపాను, వరద, భూకంపము మాత్రమే గాక, అల్లర్లలోను ద్వేషముతోను చేసిన నష్టము కూడ అందులో చేరియున్నది. నత్తం కాలనీని తలచుకొని ఆ మాటను మేము రెండుసార్లు చదివితిమి.

ఇంటి విలువ వ్రాయునప్పుడు స్థలము ధర కలుపవద్దు. తిరిగి కట్టుటకు ఎంతయగునో అంతే వ్రాయవలెను. భూమి కాలదు గదా. ఇంటికి పాలసీ తీసికొన్నచో ఆ మొత్తములో 20 శాతము వరకు, 10 లక్షలు మించకుండ, ఇంటిలోని సామానులకు వేరుగా జాబితా ఇవ్వకయే వర్తించును. బంగారము అందులో రాదు, దానికి విలువ నిర్ణయించి వేరుగా చేర్పించుకొనవలెను. దొంగతనము విషయములో చాలమంది పొరబడుచున్నారు. అగ్నియో వరదయో వచ్చిన తరువాత ఏడు దినములలో ఆ సందడిలో జరిగిన దొంగతనమే ఇందులో చెల్లును. మామూలు దొంగతనమునకు వేరే పాలసీ ఉన్నది. అద్దె ఇంటివారు సామానులకు మాత్రమే చేయించుకొనవచ్చును. మన సంఘములలో సగముమంది అద్దెవారే గనుక ఇది గట్టిగా చెప్పుచున్నాము.

బ్యాంకు అప్పు ఉన్నవారు తమ కాగితములు ఒకసారి తీసి చూడవలెను. మాలో ఒకరికి బ్యాంకువారు పాలసీ చేయించిరి; ఏండ్ల తరువాత చూడగా అది మిగిలిన అప్పు మొత్తమునకే గాని ఇంటికి సరిపడునది కాదు. కాలినచో బ్యాంకు బాకీ తీరును, ఈయన వీధిలో నిలుచును. ఇంకొక మాట: గ్యాస్ సిలిండరు వలన ఇంట ప్రమాదము జరిగినచో, రిజిస్టరైన చిరునామాలోని ఆస్తి నష్టమునకు 2 లక్షల వరకు ఆయిలు కంపెనీల బీమా ఉన్నది. దానికి మనము విడిగా కట్టునది ఏమియు లేదు. న్యాయమైన క్లెయిము నిరాకరింపబడినచో చెన్నైలోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఒక సంవత్సరములోగా అర్జీ పెట్టవచ్చును. ఫీజు లేదు, వకీలుతో పని లేదు.

బీమా చట్టము "అత్యంత సద్భావము" అను నియమముమీద నిలిచియున్నది. మన ఇంటిలో ఏమున్నదో మనకు తెలియును, కంపెనీకి తెలియదు. కనుక మన మాట నమ్మవలసినదే. ఇల్లు తడిసినప్పుడు, లేని టీవీని జాబితాలో కలుపుటకు, పాత ఫ్రిజ్‌ను క్రొత్తదని వ్రాయుటకు చేయి లాగును. "పెద్ద కంపెనీ గదా, వాళ్ళకేం నష్టం" అందురు. ఆ సొమ్ము వేయి ఇండ్లవారిదని పైన చెప్పితిమి. అననీయ సప్పీరాల కథ ఆదివారము బడిలో పిల్లలకు చెప్పుచు, సోమవారము సర్వేయరుకు దొంగ జాబితా ఇచ్చువారము కాకూడదు. దానికి బదులు ఇప్పుడే ప్రతి గది ఫోటోలు తీసి, పట్టా, సర్టిఫికెట్లు, బిల్లులు నకలు చేయించి, ఊరిలోని బంధువులకొక ప్రతి పంపుట మేలు. యిర్మీయా పొలము కొని ఆ పత్రములను మంటికుండలో పెట్టించినది, అవి చాల దినములుండవలెననియే గదా.

డీకను గారు ఇవన్నియు విని ఒక మాట అనిరి. "సరే, మనకు కాగితం వస్తుంది. రేకులు, తాటాకులు వేసుకున్న వాళ్ళకెవరిస్తారు?" దీనికి మాయొద్ద బదులు లేదు. ఆకుల కప్పు, టార్పాలిన్ గోడలు గల ఇండ్లకు బీమా చేయుటకు కంపెనీలు వెనుకాడును. చేసినను ఖరీదు ఎక్కువగును. ముందుగా కాలునవి ఆ ఇండ్లే. కాగితము చేతికి వచ్చిన తరువాత, అట్టి ఇల్లు కాలినప్పుడు "వాళ్ళు ఇన్సూరెన్స్ చేయించుకోవలసింది" అని మనము అనుకొనుటకు అలవాటు పడుదుమేమో అని డీకను గారి భయము. అది న్యాయమైన భయమని మేము ఒప్పుకొంటిమి.

ఆ ధర్మపురి కుటుంబము దరఖాస్తు నింపినది. వారి వీధి చివర మన సంఘపు విధవరాలు ఒకామె రెండు రేకుల క్రింద కుట్టుమిషను పెట్టుకొని జీవించుచున్నది. మిషను ఒక్కదానికైనను పాలసీ దొరకునేమో అడుగుటకు ఆ పిల్లవాడు ఒప్పుకొనెను. దొరకనిచో ఆమెవంటివారికొరకు నెలకింత అని సంఘములో వేరుగా తీసిపెట్టు విషయము వచ్చే కమిటీ మీటింగులో చర్చకు పెట్టుచున్నాము. ఎంత వేయవలెనో, ఎవరి చేతిలో ఉంచవలెనో మీమీ సంఘములలో మాటలాడుకొని వ్రాయగోరుచున్నాము.